బెదిరే పెద్ద గుర్రాన్ని ట్రైలర్ ఎక్కించడం ఎలా?

పందేలు మాని రైడింగ్ పాఠశాలకు చేరిన థరోబ్రెడ్ గుర్రం మూపు దగ్గర 17 హ్యాండ్ల ఎత్తు, అంటే 68 అంగుళాలు ఉందనుకుందాం. అది బెదిరి తల పైకెత్తితే, గుర్రాలను తరలించడానికి బండి వెనక తగిలించే సాధారణ ట్రైలర్ కప్పు తగులుతుంది. ఒకసారి తగిలిన దెబ్బను గుర్రం చాలాకాలం మరవదు. కాబట్టి మొండిదని దాన్ని నిందించే ముందు ట్రైలర్‌ను కొలవండి. ఈ ఎత్తు గుర్రానికి లోపల ఏడున్నర అడుగులైనా ఉండాలి. రబ్బరు పరుపు ఎత్తి, మూత్రంతో నాని కుళ్ళిన చెక్కలేమైనా ఉన్నాయేమో చూడండి. నడిమి అడ్డుగోడ నేలదాకా ఉంటే, మలుపుల్లో గుర్రం కాళ్ళు ఎడంగా చాపి నిలదొక్కుకోలేక గోడలమీదికి ఎగబాకుతుంది. పొగరని మనం అనుకునే ఈ గందరగోళం చాలాసార్లు కాళ్ళకు చోటు చాలక వచ్చినదే. కింది భాగం ఖాళీగా ఉండే అడ్డు పెడితే తరచుగా అదే తగ్గిపోతుంది.

ఎక్కడం నేర్పవలసింది ప్రయాణపు రోజున కాదు, కొన్ని వారాల ముందు. ట్రైలర్‌ను బండికి తగిలించి, చక్రాలకు అడ్డుపెట్టి, చదునైన నేలమీద నిలపండి. వెలుతురునుంచి చీకటికి గుర్రం కళ్ళు మన కళ్ళకన్నా నెమ్మదిగా అలవాటుపడతాయి కనుక ముందు తలుపులు తెరిచి లోపలికి వెలుగు రానివ్వండి. ర్యాంపు చప్పుడుకు బెదిరే గుర్రాన్ని మొదట నేలమీద పరిచిన ప్లైవుడ్ పలకపై నడిపించండి. తాడును మెల్లగా బిగబట్టి, అది ఒక్క అడుగు ముందుకు వేయగానే, ఆ క్షణంలోనే వదులు చేయండి. గుర్రానికి పాఠం చెప్పేది లాగడం కాదు, వదలడం. రెండు కాళ్ళు ర్యాంపుమీద పెట్టాక, అది తనంతట వెనక్కి జంకకముందే మీరే వెనక్కి నడిపించండి. బయటికి రావడం తెలిసిన గుర్రానికి లోపలికి వెళ్ళడం అంత భయం కలిగించదు, అందుకే నేను వెనకడుగునే ముందు నేర్పమంటాను. లోపల నిలబడినప్పుడు గుప్పెడు ఉడికించిన ఉలవలు పెట్టండి. పావుగంట చాలు, బాగా జరుగుతుండగానే ఆపేయాలి. వెనక నలుగురు చేరి అదిలించడం, చేతికి తాడు చుట్టుకుని ఐదువందల కిలోల జంతువుతో లాగులాటకు దిగడం రెండూ ప్రమాదమే.

గుర్రం లోపలికి వెళ్ళాక ముందు దాని పిరుదుల వెనక అడ్డంగా ఉండే కమ్మీ వేసి, ఆ తరువాతే తల కట్టాలి. దించేటప్పుడు ముందు తాడు విప్పి, తరువాత కమ్మీ తీయాలి. ఈ వరస తప్పితే, వెనక్కి జరగబోయిన గుర్రం తాడుకు చిక్కి, భయంతో తల కప్పుకు కొట్టుకుంటుంది. కమ్మీ వేసేటప్పుడు నేరుగా దాని వెనక నిలబడక పక్కన నిలవండి. తాడు చివరను సులభంగా తెగే పురికొసకు కట్టడం మంచిది.

ప్రయాణంలో గుర్రం నమ్మకం డ్రైవరు కాలిమీద ఆధారపడి ఉంటుంది. ఒక్క గట్టి బ్రేకు వారాల అభ్యాసాన్ని తుడిచేయగలదు. వేసవిలో తెల్లవారుజామునే బయలుదేరండి. మూడు నాలుగు గంటలకొకసారి బండి ఆపి నీళ్ళు పెట్టండి. కొత్త ఊరి నీళ్ళు ముట్టని గుర్రాలున్నాయి. నాలుగు రోజుల ముందునుంచే ఇంటి నీళ్ళలో కాస్త బెల్లం కలిపి అలవాటుచేస్తే, దారిలో నీళ్ళలోనూ బెల్లం కలిపినప్పుడు అదే రుచి దొరుకుతుంది. ఆపినప్పుడల్లా తాడు వదులుచేసి తల కిందికి దించనివ్వాలి, ఎందుకంటే గంటల తరబడి తల ఎత్తి ఉంచితే ఊపిరితిత్తుల్లోని దుమ్ము, కఫం బయటికి రాక నెమ్ము పట్టవచ్చు. దుమ్ము లేవకుండా ఎండుగడ్డిని తడిపి పెట్టడం కూడా ఇందుకే. మత్తుమందు మాత్రం పశువైద్యుడు నిర్ణయించవలసిందే. మత్తులో ఉన్న గుర్రం తూలి పడవచ్చు.

గమ్యం చేరాక నెమ్మదిగా దించి, కాసేపు నడిపించండి. ఆ తరువాత రెండు మూడు రోజులు ఉదయం, సాయంత్రం ఉష్ణోగ్రత చూడండి. అది 38.5 డిగ్రీల సెల్సియస్ దాటినా, దగ్గు వచ్చినా, మేత మానినా, ప్రయాణపు బడలిక అని ఊరుకోక అదే రోజు వైద్యుణ్ణి పిలవండి.