నాయుడు అనే పేరుతో కాదు, నంబరుతో వెతకండి

దక్షిణాఫ్రికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల వారు తమ మూలాలను వెతకాలనుకున్నప్పుడు నాయుడు, రెడ్డి వంటి పేర్లతో మొదలుపెడితే దారి త్వరగానే మూసుకుపోతుంది. అవి కులనామాలే తప్ప ఇంటిపేర్లు కావు. 1860 నుంచి 1911 వరకు నేటాల్‌కు (నేటి దక్షిణాఫ్రికాలోని నాటి బ్రిటిష్ వలసరాజ్యం) వెళ్లిన ఒప్పంద కూలీల ఓడ జాబితాల్లో వ్యక్తి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు ఉంటాయి గాని, మనం ఇంటిపేరు అనుకునేది సాధారణంగా కనిపించదు. తర్వాతి తరాల్లో తాతగారి పేరే ఇంటిపేరుగా మారిన కుటుంబాలు కూడా ఎన్నో ఉన్నాయి.

అందుచేత ముందుగా ఇంట్లోని పాత జనన, వివాహ, మరణ పత్రాలలో పూర్వీకునికి ఇచ్చిన కలోనియల్ నంబరు, అంటే నేటాల్ ప్రభుత్వం ఒక్కో కూలీకి కేటాయించిన నమోదు సంఖ్య, ఉందేమో చూడండి. ఆ ఒక్క సంఖ్య దొరికితే డర్బన్‌లోని ప్రభుత్వ పత్రాగారంలో ఉన్న ఓడ జాబితాలో ఆయన వివరాలున్న వరుసను నేరుగా చేరుకోవచ్చు.

ఊరి పేర్లను ఆంగ్ల గుమాస్తాలు తమ చెవికి వినిపించినట్లు రాసుకున్నారు కనుక, వాటిని బిగ్గరగా పలికి చూడడం మంచిది. జిల్లాను నాటి సరిహద్దుల ప్రకారమే అర్థం చేసుకోవాలి: ఉత్తర ఆర్కాటు అని ఉన్నంత మాత్రాన తమిళనాడు అనుకోకండి, 1911లో ప్రత్యేక జిల్లా ఏర్పడేవరకు చిత్తూరు అందులోనిదే. అలాగే గంజాం అన్నచోట నేటి శ్రీకాకుళం ప్రాంతాన్ని కూడా వెతకండి, ఎందుకంటే చికాకోల్ (శ్రీకాకుళానికి ఆంగ్లేయులు వాడిన పేరు) తాలూకా అప్పట్లో ఆ జిల్లాలోనే ఉండేది.