ఇంగ్లిష్ మనంతట మనమే – 9వ పాఠం: నాట్ కనిపించని ‘లేదు’లు

ముందు పోయిన పాఠం బాకీ తీర్చేద్దాం. మేక్, డూ ఖాళీలు పూరించమన్నాను కదా, జవాబులివి: మేక్ ఎ మిస్టేక్, డూ ది హోంవర్క్, మేక్ ఎ డెసిషన్, డూ మీ ఎ ఫేవర్, మేక్ ఎ ప్రామిస్. మిస్టేక్ దగ్గర డూ రాసినవాళ్లు ఆ ఒక్కదాన్నీ వాక్యంలో పెట్టి మళ్లీ రాసుకోండి. తెలుగులో ‘తప్పు చేశాను’ అంటాం కాబట్టి చెయ్యి అటే పోతుంది. మిగతావి తప్పినా కంగారు లేదు, రోజూ వాడేవే కాబట్టి వాటంతటవే కుదురుకుంటాయి.

ఇక ఇవాళ్టి సంగతి. చాలా ఏళ్ల కిందట ఒక ఉద్యోగానికి అప్లికేషన్ పెట్టాను. పాత ఉద్యోగంలో ఎంత కష్టపడ్డానో చెప్పాలని అందులో ‘ఐ హార్డ్‌లీ వర్క్‌డ్ ఫర్ టూ ఇయర్స్’ అని రాశాను. క్విక్‌కి క్విక్‌లీ ఉంది, స్లోకి స్లోలీ ఉంది, హార్డ్‌కి హార్డ్‌లీ ఉండదా అనుకున్నాను. ఉంది. కానీ దాని అర్థం వేరు. నేను రాసింది చదివినవాళ్లకు తెలిసేది ‘రెండేళ్లపాటు పెద్దగా పనేమీ చెయ్యలేదు’ అని. ఇంటర్వ్యూకి పిలుపు రాలేదు. కారణం అదేనని చెప్పలేను గానీ నా అనుమానం మాత్రం దానిమీదే.

ఆ వాక్యంలో నాట్ లేదు, నో లేదు, నెవర్ లేదు. అయినా వాక్యం మొత్తం ‘లేదు’ అనే అంటోంది. పరీక్షలకు ప్యాసేజ్ తయారుచేసేవాళ్లకు ఇలాంటి మాటలంటే మహా ఇష్టం. ప్యాసేజ్‌లో కష్టమైన పదాలన్నీ తెలిసినా ఇలాంటి చిన్న మాట ఒకటి కంటికి ఆనకపోతే జవాబు తలకిందులవుతుంది. అందుకే ఇవాళ పెద్ద పదాల జోలికి పోవడం లేదు.

ఇవి మనకు ఎందుకు దొరకవో కూడా చూద్దాం. తెలుగులో కాదు, లేదు అనే సంగతి సాధారణంగా క్రియ చివర తేలుతుంది. వస్తాడు, రాడు. చేశాను, చెయ్యలేదు. అందుకే మనం వాక్యం చివరిదాకా ఆగి అర్థం చేసుకుంటాం. ఇంగ్లిష్‌లో ఆ పని క్రియకు ముందే, ఒక్కోసారి వాక్యం మొదట్లోనే అయిపోతుంది. మన కన్ను చివర ఏముందా అని పరిగెడుతుంటే, అసలు మాట మొదట్లోనే జారిపోతుంది.

మాటలు

హార్డ్‌లీ అంటే ‘పెద్దగా లేదు, దాదాపు లేనట్టే’. ‘ఐ హార్డ్‌లీ నో హిమ్’ అంటే ఆయన నాకు పెద్దగా తెలీదు. స్కేర్స్‌లీ కూడా దాదాపు అదే, కాస్త పుస్తకాల భాష. సెల్డమ్, రేర్లీ రెండూ ‘ఎప్పుడో గానీ’. ‘హీ సెల్డమ్ స్పీక్స్’ అంటే ఎప్పుడో గానీ మాట్లాడడు. తెలుగులో ‘మాట్లాడడు’ చూడండి, క్రియే కాదని చెబుతోంది. ఇంగ్లిష్‌లో స్పీక్స్ మామూలుగానే ఉంది, కాదనే భారమంతా సెల్డమ్ మోసింది.

బేర్లీ దగ్గర జాగ్రత్త. ‘ఐ బేర్లీ పాస్‌డ్’ అంటే పాసయ్యాను, కాకపోతే గట్టెక్కానంతే. ఇక్కడ పని జరిగింది. ఫెయిలయ్యాడా అని ప్రశ్న వస్తే తడుముకోకుండా కాలేదనండి.

ఫ్యూ, ఎ ఫ్యూ తేడా స్కూల్లో అందరికీ చెబుతారు, పరీక్ష హాల్లో అందరూ మర్చిపోతారు. దీనికి తెలుగులోనే ఒక కిటుకు ఉంది. ‘కొద్దిమంది వచ్చారు’ అంటే వచ్చారన్నమాట, ఫర్వాలేదు. ‘కొద్దిమందే వచ్చారు’ అంటే రావాల్సినవాళ్లు రాలేదని వెలితి. ఆ చివరి ‘ఏ’ చేసిన పని అది. మనం ఒక అక్షరం కలిపి వెలితి తెస్తాం, వాళ్లు ‘ఎ’ తీసేసి తెస్తారు. ఎ ఫ్యూ అంటే కొద్దిమంది, ఉత్త ఫ్యూ అంటే కొద్దిమందే. ఎ లిటిల్ అంటే కొంచెం, ఉత్త లిటిల్ అంటే కొంచెమే. ‘ఐ హ్యావ్ లిటిల్ టైమ్’ అన్నవాడు మిమ్మల్ని కూర్చోమనడం లేదు, ఇక బయల్దేరమంటున్నాడు.

అన్‌లెస్ దగ్గర తప్పు చేయించేది మనం బట్టీపట్టిన అర్థమే. అన్‌లెస్ ఈక్వల్ టు ఇఫ్ నాట్ అని రాసుకుంటాం. ఆ నాట్ మనసులో ఉండిపోయి ‘అన్‌లెస్ యూ డోంట్ ఆస్క్, హీ వోంట్ టెల్’ అని రాస్తాం. దాన్ని ‘తప్ప’ అని గుర్తుపెట్టుకుంటే ఈ గొడవే ఉండదు. నువ్వు అడిగితే తప్ప చెప్పడు: ‘అన్‌లెస్ యూ ఆస్క్, హీ వోంట్ టెల్’. తెలుగులో ‘అడిగితే’ దగ్గర కాదనడం లేదు, ఇంగ్లిష్‌లో ఆస్క్ దగ్గరా అక్కర్లేదు.

టూ, టు జంట: ‘ది బాక్స్ ఈజ్ టూ హెవీ టు లిఫ్ట్’. ఎత్తలేనంత బరువు. ఇక్కడ కూడా నాట్ లేదు. ఎత్తారా, లేదా? ఎత్తలేరు. ఫెయిల్‌డ్ టు కూడా ఇంతే. ‘హీ ఫెయిల్‌డ్ టు రిప్లై’ అంటే జవాబివ్వలేదు, అంతకుమించి ఏమీ లేదు. పరీక్ష తప్పాడని అనుకోకండి.

ఎనీథింగ్ బట్ అంటే ‘ఇంకేమైనా అను గానీ అది మాత్రం కాదు’. ‘ది టెస్ట్ వాజ్ ఎనీథింగ్ బట్ ఈజీ’ అంటే తేలిక అన్నమాటే లేదు. ఫార్ ఫ్రమ్ కూడా ఇదే దారి.

ఇంకొకటి, ఇది తప్పులు దిద్దే ప్రశ్నల్లో తరచు కనిపిస్తుంది. ‘హార్డ్‌లీ హ్యాడ్ ఐ షట్ ది డోర్ వెన్ ది ఫోన్ ర్యాంగ్’. ఇలా తలుపేశానో లేదో, అలా ఫోన్ మోగింది. మన ‘వేశానో లేదో’లో కూడా ఒక ‘లేదు’ దాక్కుని ఉంది, గమనించారా? తలుపు మాత్రం వేసేశాం. హార్డ్‌లీతో వెన్ రావాలి, ఇదే అర్థమిచ్చే నో సూనర్‌తో దాన్ రావాలి. తప్పు సాధారణంగా ఈ జతలోనే పెడతారు.

మాట్లాడేటప్పుడు

వచ్చే సంభాషణ గట్టిగా చదవండి. ఇద్దరు క్లాస్‌మేట్స్ లైబ్రరీలో.

‘డూ యూ మైండ్ ఇఫ్ ఐ సిట్ హియర్?’
‘నో, నాట్ ఎట్ ఆల్. గో అహెడ్.’
‘ఆర్‌న్ట్ యూ టేకింగ్ ది టెస్ట్ టుమారో?’
‘నో, ఐయామ్ నాట్. ఐ హ్యావ్ హార్డ్‌లీ స్టడీడ్.’
‘ఐ డోంట్ థింక్ ఇట్ విల్ బీ డిఫికల్ట్.’
‘యూ సెడ్ దట్ లాస్ట్ టైమ్, అండ్ ఐ బేర్లీ పాస్‌డ్.’

మొదటి ప్రశ్నకు మనం మర్యాదగా ‘యెస్, యెస్’ అంటాం. అడిగింది ‘కూర్చోవచ్చా’ అని కాదు, ‘కూర్చుంటే మీకేమైనా అభ్యంతరమా’ అని. యెస్ అంటే అభ్యంతరం ఉందని. పాపం ఆ మనిషి అలా నిలబడే ఉంటాడు. నో అనండి, నవ్వుతూ అనండి.

మూడో వాక్యం దగ్గర కాసేపు ఆగుదాం, తెలుగువాళ్లం ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే. ‘రేపు టెస్ట్ రాయట్లేదా?’ అంటే మనం ‘అవును, రాయట్లేదు’ అంటాం. నువ్వన్నది నిజమేనని ఒప్పుకోవడం మన అవును. ఇంగ్లిష్‌లో యెస్, నో అడిగినవాడి మాటను పట్టించుకోవు, జరిగే పనినే చూస్తాయి. రాస్తుంటే యెస్, రాయకపోతే నో. ప్రశ్న ఎలా తిప్పి అడిగినా అంతే. ‘యెస్, ఐయామ్ నాట్’ అనే వాక్యం ఇంగ్లిష్‌లో నిలబడదు. నోట్‌బుక్‌లో ఇలాంటి ప్రశ్నలు పది రాసుకుని పైకి జవాబు చెప్పండి. రాసి నేర్చుకుంటే ఇది రాదు, నోరు తిరగాలి.

ఐదో వాక్యం కూడా తెలుగుకు ఎదురు నడుస్తుంది. ‘రాడనుకుంటా’ అని మనం రావడం దగ్గర కాదంటాం. వాళ్లు అనుకోవడం దగ్గర కాదంటారు: ‘ఐ డోంట్ థింక్ హీ విల్ కమ్’. ‘ఐ థింక్ హీ వోంట్ కమ్’ అంటే వ్యాకరణం ప్రకారం తప్పేం కాదు, కాకపోతే మాట కొంచెం కరుగ్గా ఉంటుంది.

వాక్యం చివర మన ‘కదా’లా తగిలించే టాగ్ ప్రశ్నల్లోనూ ఈ దాగిన ‘లేదు’ లెక్కకొస్తుంది. ‘ఎ ఫ్యూ పీపుల్ కేమ్, డిడ్‌న్ట్ దే?’ ‘ఫ్యూ పీపుల్ కేమ్, డిడ్ దే?’ మొదటిది వచ్చారనే వాక్యం కాబట్టి టాగ్‌లో నాట్ వచ్చింది. రెండోది ముందే కాదంది, టాగ్‌లో మళ్లీ అక్కర్లేదు. ‘హీ హార్డ్‌లీ స్పీక్స్, డజ్ హీ?’ కూడా అంతే.

చదివేటప్పుడు

పెన్సిల్ తీసుకోండి. కింది ప్యాసేజ్ అంధుల చదువు కోసం చుక్కల లిపి తయారుచేసిన లూయీ బ్రెయిల్ గురించి. అందులో మనం ఇంతదాకా చెప్పుకున్న లాంటి మాట కనిపించినచోటల్లా చుట్టూ సున్నా పెట్టండి. అర్థం కోసం అప్పుడే ఆగొద్దు.

‘లూయీ బ్రెయిల్ వాజ్ బేర్లీ త్రీ వెన్ హీ హర్ట్ హిజ్ ఐ ఇన్ హిజ్ ఫాదర్స్ వర్క్‌షాప్. బిఫోర్ లాంగ్, హీ లాస్ట్ హిజ్ సైట్ ఇన్ బోత్ ఐస్. హిజ్ స్కూల్ ఇన్ పారిస్ హ్యాడ్ ఎ ఫ్యూ బుక్స్ విత్ రెయిజ్‌డ్ లెటర్స్, బట్ ఫ్యూ ప్యూపిల్స్ కుడ్ రీడ్ దెమ్ ఫాస్ట్. ఎట్ ఫిఫ్టీన్, హీ వర్క్‌డ్ అవుట్ ఎ సిస్టమ్ ఆఫ్ సిక్స్ డాట్స్. ది స్కూల్ వాజ్ ఎనీథింగ్ బట్ క్విక్ టు యాక్సెప్ట్ ఇట్. ఇట్ వాజ్ నాట్ అంటిల్ 1854, టూ ఇయర్స్ ఆఫ్టర్ హిజ్ డెత్, దట్ ది స్కూల్ అఫీషియల్లీ అడాప్టెడ్ ఇట్.’

ఐదు సున్నాలు పడాలి: బేర్లీ, ఎ ఫ్యూ, ఫ్యూ, ఎనీథింగ్ బట్, నాట్ అంటిల్. బిఫోర్ లాంగ్ దగ్గర కూడా పెట్టి ఉంటే శభాష్. లాంగ్ అని ఉంది కాబట్టి చాలాకాలం అనిపిస్తుంది, నిజానికి ‘ఎంతోకాలం కాకముందే’ అని.

ఇప్పుడు ప్రశ్నలు. దెబ్బ తగిలేనాటికి బ్రెయిల్‌కి మూడేళ్లు నిండాయా? నిండాయి, అంతే. బేర్లీ చేసే పని అదే. బడిలో పుస్తకాలు ఉన్నాయా? ఉన్నాయి, ఎ ఫ్యూ. పిల్లలు వాటిని గబగబా చదవగలిగారా? చాలామంది చదవలేకపోయారు, అక్కడ ‘ఎ’ లేదు. ఒకే వాక్యంలో రెండూ పక్కపక్కన పెట్టడం నా కొంటెతనమే, పరీక్షలో కూడా ఇలాగే పెడతారు.

చివరి వాక్యంలో తమాషా చూడండి. ఇంతసేపూ నాట్ లేకుండా కాదనే మాటలు చూశాం. ఇక్కడ నాట్ ఉంది, కానీ పని జరిగింది. 1854లో గానీ ఒప్పుకోలేదు, అంటే 1854లో ఒప్పుకున్నారు. ‘గానీ’ అని చదివితే నాట్ అంటిల్ ఎప్పుడూ తికమక పెట్టదు. బ్రెయిల్ ఎప్పుడు పోయారని అడిగితే ఏడాది ప్యాసేజ్‌లో లేదు, మీరే తియ్యాలి: రెండేళ్లు వెనక్కి, 1852. తన లిపిని బడి ఒప్పుకోవడం ఆయన చూశారా? లేదు.

‘విచ్ ఆఫ్ ది ఫాలోయింగ్ ఈజ్ నాట్ ట్రూ’ అని అడిగినప్పుడు ఆ నాట్ మీద కూడా సున్నా పెట్టి, ఒక్కో జవాబు పక్కన నిజం అనో అబద్ధం అనో రాసుకోండి. అబద్ధం అని పడినదే మన జవాబు. టెన్షన్‌లో నిజమైనది కనబడగానే టిక్ పెట్టి ముందుకెళ్లిపోతాం, నిజం, అబద్ధం అనే ఈ రెండు మాటలు అందుకు అడ్డం పడతాయి.

ఇంటిపని

టాగ్ పెట్టండి: ‘షీ సెల్డమ్ కంప్లెయిన్స్, ...?’

దిద్దండి: ‘అన్‌లెస్ యూ డోంట్ హర్రీ, యూ విల్ మిస్ ది బస్.’ ‘నో సూనర్ హ్యాడ్ వీ సాట్ డౌన్ వెన్ ది లైట్స్ వెంట్ అవుట్.’

‘దేర్ ఈజ్ లిటిల్ హోప్’, ‘దేర్ ఈజ్ ఎ లిటిల్ హోప్’. డాక్టర్ నోట ఏది వింటే రోగి తాలూకు మనిషికి కాస్త ఊపిరాడుతుంది?

ఇంగ్లిష్‌లో చెప్పండి, రాయొద్దు: ‘ఈ పని ఇవాళ అవదనుకుంటా.’ ‘ఆయన పిలిస్తే తప్ప నేను రాను.’ ‘నిద్రపోలేనంత శబ్దం.’

ఇవన్నీ అయ్యాక ఇంగ్లిష్ పేపర్లో ఏదో ఒక వార్త తీసుకుని, అదే పెన్సిల్‌తో సున్నాలు పెట్టండి. అన్నీ లెక్కపెట్టుకోండి. జవాబులు 10వ పాఠం మొదట్లో ఇస్తాను.