వానలు మొదలవకముందే ఎండీఎఫ్ ఫర్నిచర్‌కు రంగు వేసుకోండి

రోహిణి కార్తె ముగింపుకొచ్చింది. మృగశిర వచ్చిందంటే హైదరాబాద్‌లో వాన ఏ సాయంత్రం దంచికొడుతుందో చెప్పలేం. ఇంట్లో ఎండీఎఫ్ (కలప పీచుతో చేసిన పలక) బుక్‌షెల్ఫో, చెప్పుల స్టాండో రంగు పోయి ఉంటే ఈ లోపే పని ముగించండి. ముసురు పట్టాక మొదలుపెడితే ఎనామెల్ పెయింట్ రెండో రోజుకీ చేతికి అంటుతూనే ఉంటుంది. లాకర్ (వార్నిష్ లాంటి మెరుపు పూత) అయితే గాలిలో తేమకు తెల్లగా మసకబారుతుంది. అలాగని మిట్టమధ్యాహ్నం బాల్కనీ ఎండలోనూ వద్దు, రంగు పరుచుకునేలోపే ఆరిపోయి బ్రష్ గీతలు మిగులుతాయి. పొద్దున్నే మేలు.

అన్నిటికంటే ముందు చూడాల్సింది అంచులు. కలప పీచును జిగురుతో కలిపి, వేడి మీద గట్టిగా అదిమితే ఎండీఎఫ్ పలక తయారవుతుంది. పైభాగం నున్నగా, బిగువుగా ఉంటుంది. కోసిన అంచును మాత్రం గోటితో గీకి చూడండి, పీచు లేస్తుంది. నీళ్లు తాగేది అక్కడే. ఒకసారి తాగిందా, చాయ్‌లో ముంచిన ఉస్మానియా బిస్కెట్‌లా ఉబ్బుతుంది. ఆరాక కూడా పాత మందానికి రాదు. కాబట్టి నీటితో కలిపే ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) నేరుగా అంచుకు పూయకండి. ముందు ఆయిల్ ప్రైమర్ గానీ వుడ్ సీలర్ గానీ పల్చగా పట్టించి, పూర్తిగా ఆరాక 220 నంబర్ ఎమెరీ పేపర్‌తో తేలిగ్గా రుద్ది, మళ్లీ ఒక కోటు వేయండి. వేలితో తడిమితే గరుకు తగలకూడదు. తగిలితే ఇంకో కోటు. స్క్రూ రంధ్రాలనూ, అడుగుభాగాన్నీ వదలొద్దు. అడుగు ఎవరికీ కనిపించదని పెయింటర్లు కూడా వదిలేస్తుంటారు, తడి చేరేది మాత్రం అక్కడి నుంచే.

రుద్దేటప్పుడు వచ్చే పొడిని తేలిగ్గా తీసుకోకండి. ఎండీఎఫ్‌లో వాడే జిగురు ఎక్కువగా యూరియా ఫార్మాల్డిహైడ్. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఫార్మాల్డిహైడ్‌నూ, కలప ధూళినీ మనుషులకు క్యాన్సర్ కలిగించేవాటిలో చేర్చింది. ఒక షెల్ఫ్ రుద్దినంత మాత్రాన టెన్షన్ పడక్కర్లేదు గానీ, కర్చీఫ్ కట్టుకుంటే చాలదు. ఎన్95 మాస్క్, కళ్లద్దాలు పెట్టుకోండి. ఫ్యాన్ ఆపి, పిల్లల్ని వేరే గదిలో ఉంచండి. పొడిని చీపురుతో ఊడిస్తే మళ్లీ గాలిలోకే లేస్తుంది. గట్టిగా పిండిన గుడ్డతో తుడవండి.

రంగును పల్చన చేసే థిన్నర్ వాసనను ఎన్95 ఆపదు. దానికి కార్బన్ ఫిల్టర్ ఉన్న మాస్క్ కావాలి, కిటికీలన్నీ తెరిచి ఉండాలి. ఫ్లాట్లలో వంటిల్లు, హాలు దాదాపు కలిసే ఉంటాయి. థిన్నర్ డబ్బా మూత తీసే ముందు స్టవ్, దేవుడి దగ్గర దీపం, అగరబత్తి అన్నీ ఆరిపోయాయో లేదో స్వయంగా చూసుకోండి. ఆయిల్ పెయింట్ తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయడం మరీ ప్రమాదం. నూనె ఆరే క్రమంలో వేడి పుట్టి వాటంతటవే అంటుకోవచ్చు. బయట విడివిడిగా పరిచి ఆరబెట్టండి.

రంగు కొనేటప్పుడు డబ్బా మీద సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) మించలేదని రాసి ఉందో లేదో చూడండి. 2016లో వచ్చిన నిబంధనల ప్రకారం అది ఉండాలి. పిల్లల మంచాలకైతే ఇది చూడకుండా కొననే వద్దు.

చివరి కోటు పైకి ఆరినట్టున్నా లోపల గట్టిపడటానికి రోజులు పడుతుంది. వారం దాకా బరువైన పుస్తకాలు పెట్టకండి. తర్వాత కాళ్ల కింద రబ్బరు బుష్‌లు బిగించండి, రోజూ ఇల్లు తడిగుడ్డ పెట్టేటప్పుడు నీళ్లు చేరేది ఆ కాళ్ల దగ్గరికే.