ఎన్సైమాడా మెత్తగా రావడం లేదా? తేడా ఎక్కడుందో చూద్దాం

స్పెయిన్‌కు చెందిన మయోర్కా దీవి నుంచి, ఆ దేశ పాలనలో ఫిలిప్పీన్స్ చేరిన తీపి బ్రెడ్ ఇది. పిండిని తాడులా చేసి, నత్తగుల్లలా చుట్టి కాలుస్తారు. మయోర్కాలో వాడే పంది కొవ్వు స్థానంలో ఫిలిప్పీన్స్‌లో వెన్న, పచ్చసొన ఎక్కువయ్యాయి. పొరల రొట్టె కాస్తా పైన వెన్న, పంచదార, తురిమిన చీజ్ ఉండే మెత్తటి బన్ను అయింది. ఈ కొలతతో 12 వస్తాయి: మైదా 500 గ్రాములు, పంచదార 100, వెన్న 120, పచ్చసొనలు 5, పాలు 220 మి.లీ., ఇన్‌స్టంట్ ఈస్ట్ 7 గ్రాములు, ఉప్పు ఒక చెంచా.

పిండి చేతికి అంటుకుపోతోంది

అందరూ కంగారుపడేది ఇక్కడే, ఎన్సైమాడా పాడయ్యేది కూడా ఇక్కడే. జిగట తగ్గాలని గుప్పెడు మైదా చల్లితే పిండి మాట వింటుంది కానీ బన్ను ఎండిపోతుంది. అసలు కారణం చాలాసార్లు వెన్నను మొదట్లోనే కలిపేయడం. కొవ్వు పట్టిన పిండిలో సాగే గుణం త్వరగా రాదు. వెన్న లేకుండా పది నిమిషాలు బాగా పిసకండి. ఆ తర్వాత మెత్తబడిన వెన్నను కొంచెం కొంచెంగా వేస్తూ ఇంకో పదిహేను నిమిషాలు పిసకండి. మధ్యలో పిండి విడిపోయి చెడిపోయినట్టు కనిపిస్తుంది, ఆపకండి. చిన్న ముద్దను సాగదీస్తే చిరగకుండా వెలుతురు కనిపించేంత పల్చనవ్వాలి. మన మైదాలో ప్రొటీన్, బ్రెడ్ కోసమే అమ్మే ప్రత్యేక పిండిలో కన్నా తక్కువ కాబట్టి ఇంకాస్త ఓపిక కావాలి. అప్పటికీ జిగటగా ఉంటే రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టండి. వెన్న బిగుసుకుని చుట్టడం తేలికవుతుంది. చేతులకు, బల్లకు మైదా బదులు వెన్నే రాయండి.

పొంగలేదు

పాలు మరీ వేడిగా పోశారేమో. 60 డిగ్రీల దగ్గర ఈస్ట్ చచ్చిపోతుంది, గోరువెచ్చన చాలు. పాల వేడి సరిగ్గానే ఉంటే తొందరపడుతున్నారన్నమాట. ఇంత పంచదార, వెన్న ఉన్న పిండి మామూలు బ్రెడ్ కన్నా చాలా నెమ్మదిగా పొంగుతుంది. గంట దాటిందని పారేయకండి, రెట్టింపయ్యే దాకా ఆగండి. అలాగని ఎండలో పెట్టొద్దు. మన వేసవి వేడికి వెన్న కరిగి కారిపోతుంది.

నడుమ గోపురంలా లేచింది

పిండి తాడును బిగుతుగా చుట్టారు. వదులుగా చుట్టి, చివరను అడుక్కి మడవండి.

పైన నల్లబడింది, లోపల పచ్చిగా ఉంది

పంచదార, పచ్చసొన త్వరగా రంగెక్కుతాయి. ఓటీజీని (ఇంట్లో వాడే చిన్న ఎలక్ట్రిక్ అవెన్) 170 డిగ్రీలకు తగ్గించి, ట్రేను మధ్య అరలో పెట్టండి. రంగు రాగానే పైన ఫాయిల్ కప్పండి. మొత్తం 15 నుంచి 18 నిమిషాలు.

మర్నాటికి గట్టిపడింది

ఎక్కువసేపు కాల్చారు, లేదా ఫ్రిజ్‌లో దాచారు. బ్రెడ్ ఫ్రిజ్‌లోనే తొందరగా గట్టిపడుతుంది. ఒకరోజుకైతే మూత బిగుతుగా ఉన్న డబ్బాలో బయటే ఉంచండి. ఇంకా ఎక్కువ రోజులకైతే ఫ్రీజర్‌లో పెట్టాలి.

పైన పంచదార నీరైపోయింది

వేడి మీదే అద్దారు. పూర్తిగా చల్లారాక వెన్న పూసి, పంచదార అద్ది, చీజ్ తురమండి. క్రిస్మస్‌కు ఫిలిప్పీన్స్‌లో ఎర్ర మైనం తొడిగిన ఎడమ్ చీజ్ గుండును వాడతారు. మనకు మామూలు చీజ్ క్యూబులు సరిపోతాయి, బాగా చల్లగా ఉన్నప్పుడు తురిమితే ముద్దకట్టవు. అక్కడి బులకాన్ ప్రాంతంలోని మలోలోస్ నగర పద్ధతిలో ఉప్పులో ఊరిన గుడ్డు ముక్కలు కూడా పెడితే, చీజ్ కొంచెం తగ్గించండి.