రోజూ చేసే పనికి 'విల్' వచ్చేస్తోందా? ఇంగ్లీషు వెర్బుల దగ్గర సమస్య - పరిష్కారం

వీ వన్, వీ టూ, వీ త్రీ (గో, వెంట్, గాన్ లాంటి వెర్బు రూపాలు) మీకు వచ్చనుకునే మొదలుపెడుతున్నాను. పన్నెండు టెన్సుల చార్టు కూడా ఏదో ఒక కోచింగ్‌లో రాసుకునే ఉంటారు. అన్నీ వచ్చి కూడా మాట్లాడేటప్పుడు వెర్బు తప్పుతోందంటే, ఆ చార్టునే మళ్ళీ బట్టీ పడితే ఒరిగేదేమీ లేదు. అయినా అందరూ ముందు చేసేది అదే. చూడాల్సింది మనసులో అనుకున్న తెలుగు వాక్యాన్ని. అందులోని పని ఎప్పటిదో తేల్చుకోకుండా ఇంగ్లీషు వెర్బు కోసం వెతుక్కుంటారు, అక్కడే దెబ్బ తింటారు.

సమస్య: అలవాటుగా చేసే పనులన్నిటికీ 'విల్' పడిపోతోంది

ఇంటర్వ్యూలో నాన్నగారు ఏం చేస్తారని ఇంగ్లీషులో అడుగుతారు. భీమవరం కుర్రాడు "మై ఫాదర్ విల్ డూ ఆక్వా ఫార్మింగ్" అంటాడు. వాళ్ళ నాన్న ఎన్నో ఏళ్ళుగా రొయ్యలు పెంచుతున్నాడు. విన్నవాళ్ళకి మాత్రం ఆయన ఇంకా చెరువే తవ్వించలేదని అర్థమవుతుంది. "ఎప్పుడు మొదలుపెడతారు?" అని తర్వాతి ప్రశ్న వస్తే ఇక టెన్షనే.

కారణం మన 'తారు, తాను, తుంది'లో ఉంది. "మా నాన్న రోజూ చెరువు దగ్గరకి వెళ్తారు" అంటాం, "మా నాన్న రేపు కాకినాడ వెళ్తారు" అనీ అంటాం. 'వెళ్తారు' రెండు చోట్లా ఒకటే. రోజూ, రేపు అన్న మాటలు లేకపోయినా ఏది అలవాటో, ఏది రాబోయేదో సందర్భాన్ని బట్టి మనకి తెలిసిపోతుంది. ఇంగ్లీషు అలా వదలదు. అలవాటుకి "గోస్", రాబోయేదానికి "విల్ గో". చిన్నప్పుడు 'వెళ్తాను' అంటే ఫ్యూచర్ అని ఒకసారి బుర్రకెక్కాక, ఆ రూపం మెదలగానే నోటికి 'విల్' వచ్చేస్తుంది.

ఇది దొంగ తప్పు. "ఐ విల్ గెట్ అప్ ఎట్ ఫైవ్" అన్న వాక్యంలో వ్యాకరణ దోషం లేదు కాబట్టి ఫోన్లో తప్పులు పట్టే యాప్ దాని కింద గీత గీయదు. ఊళ్ళో ఎవరితో మాట్లాడినా పట్టుబడదు, వినేవాళ్ళూ తెలుగువాళ్ళే కనుక వాళ్ళ బుర్రలోనూ అదే 'లేస్తాను' తిరుగుతుంది. కువైట్‌లో సూపర్‌వైజర్ ముందో, హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ గదిలోనో బయటపడుతుంది. అప్పటికి అలవాటు ముదిరిపోయి ఉంటుంది.

పైగా 'విల్' సుఖంగా ఉంటుంది. ఐ అయినా, హి అయినా, దే అయినా "విల్ గో" అంటే చాలు, ఎస్ గొడవ లేదు. అందుకే 'విల్' మానగానే "హి గో" అనడం మొదలవుతుంది. దానికి బెదిరి మళ్ళీ వెనక్కి పోకండి. వెళ్తాను, వెళ్తావు, వెళ్తాడు, వెళ్తుంది అని మనిషి మనిషికీ చివర మార్చి మాట్లాడేవాళ్ళం మనం. ఇంగ్లీషు అడిగేది హి, షి, ఇట్ దగ్గర ఒక్క ఎస్.

పరిష్కారం: తెలుగు వాక్యంలో ముందు 'రోజూ' పెట్టి చూడండి, తర్వాత 'రేపు' పెట్టి చూడండి. 'రోజూ' అతికితే 'విల్' వద్దు. 'రోజూ' కుదరకపోయినా 'ఎప్పుడూ ఇంతే' అనగలిగితే అప్పుడూ వద్దు. వసిష్ఠ గోదావరి అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తుంది. అది రేపు కలిసేది కాదు, కాబట్టి "జాయిన్స్ ద సీ". "వేసవిలో కాలువలు కట్టేస్తారు" అంటే ఏటా జరిగేదే, "దే క్లోజ్ ద కెనాల్స్ ఇన్ సమ్మర్". "ఈసారి పది రోజులు ముందే కట్టేస్తారు" అంటే మాత్రం "విల్ క్లోజ్". దాళ్వా (రెండో పంట వరి) కోతల ముందు ఈ రెండిటికీ తేడా ఏమిటో రైతుని అడగండి, చెప్తాడు.

ప్రశ్నల్లో, కాదనే మాటల్లో ఇదే తప్పు ఇంకా ఇబ్బంది పెడుతుంది. "మీరేం చేస్తారండి?" అని మర్యాదగా అడగబోయి "వాట్ విల్ యు డూ?" అంటే, సందర్భాన్ని బట్టి 'ఏం చేస్తావో చేసుకో' అన్నట్టు కూడా వినపడుతుంది. అడగాల్సింది "వాట్ డూ యు డూ?" అని. "మావాడు రొయ్యలు తినడు" అనడానికి "హి విల్ నాట్ ఈట్ ప్రాన్స్" అంటే, పళ్ళెం ముందు కూర్చుని మొండికేశాడని అర్థం వస్తుంది. "డజ్ నాట్ ఈట్" అంటే అలవాటు లేదని.

రైలు, విమానం టైములకి మాత్రం నా పరీక్ష పనిచేయదు. 'రేపు' అతికినా "ద ట్రైన్ లీవ్స్ ఎట్ సిక్స్ టుమారో" అంటారు. టైంటేబుల్‌లో ముందే రాసిపెట్టినది కాబట్టి.

సమస్య: "సిన్స్ టెన్ ఇయర్స్", "హావ్ కంప్లీటెడ్ ఇన్ 2019"

జబ్బు అదే, రూపాలు వేరు. 'ఉంటున్నాను' ఇప్పటి మాటకీ పనికొస్తుంది, పదేళ్ళ నుంచీ సాగుతున్నదానికీ పనికొస్తుంది. అందుకని "ఐ యామ్ లివింగ్ ఇన్ పాలకొల్లు సిన్స్ టెన్ ఇయర్స్" అంటారు. ఎంతకాలంగా అన్నది వాక్యంలో ఉంటే "హావ్ బీన్ లివింగ్", ఆ కాలం ముందు "ఫర్". ఎప్పుడు మొదలైందో ఆ సంవత్సరమో, రోజో చెప్తేనే "సిన్స్".

'పూర్తయింది' కూడా అంతే. పని ఏ సంవత్సరంలో ముగిసిందో చెప్తున్నారంటే "హావ్", "హాస్" తీసేయండి. ధవళేశ్వరం ఆనకట్ట "వాజ్ కంప్లీటెడ్ ఇన్ 1852". డిగ్రీ సంగతి చెప్పేటప్పుడూ ఇంతే.

సమస్య: "డిడ్ నాట్ వెంట్"

కాలాన్ని 'డిడ్' ఒక్కటే మోస్తుంది, తర్వాతది వీ వన్. తెలుగులో "వెళ్ళాను లేదు" అనం కదా, "వెళ్ళలేదు" అంటాం. "డజ్ హి గోస్" దగ్గరా ఇదే లెక్క, "డజ్ హి గో". ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

సమస్య: "ఐ యామ్ హావింగ్ టూ ఏకర్స్"

కలిగి ఉండడం, తెలిసి ఉండడం, కావాలనుకోవడం జరుగుతున్న పనులు కావు, వాటికి ఐఎన్‌జీ తగిలించకండి. "ఐ హావ్ టూ ఏకర్స్". భోజనం చేస్తూ ఉంటే "హావింగ్ లంచ్" తప్పు కాదు, అక్కడ తినడం అనే పని జరుగుతోంది.

'షల్' ఎక్కడ, "ఇఫ్ ఐ వర్" ఎందుకు అని అడిగేవాళ్ళుంటారు. వాటి జోలికి ఇప్పుడు వెళ్ళకండి, వాటి వల్ల ఉద్యోగం పోగొట్టుకున్నవాణ్ణి నేనింతవరకు చూడలేదు.