సెకండ్ హ్యాండ్ గేమ్ డిస్క్ కొనే ముందు ఏం చూసుకోవాలి?

హన్మకొండ చౌరస్తా దగ్గరో, కాజీపేటలోనో పాత గేమ్ డిస్క్ సగం ధరకే దొరుకుతుందంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. కొనుక్కోండి, తప్పేం లేదు. కానీ ఆ డబ్బాలో నిజంగా గేమే ఉందా, లేక గేమ్ డౌన్‌లోడ్ చేసుకునే హక్కు మాత్రమే ఉందా అన్నది డబ్బులిచ్చే ముందే తేల్చుకోవాలి.

మొదట అది ఏ మెషిన్‌ గేమో చూడండి. పీసీ గేమ్ అయితే సెకండ్ హ్యాండ్‌లో అసలు కొనొద్దనే చెప్తాను. 2004లో హాఫ్-లైఫ్ 2 వచ్చినప్పుడే, షాపులో డిస్క్ కొన్నవాళ్లు కూడా స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ స్టోర్‌లో అకౌంట్ తెరిచి, కోడ్ కొట్టి, ఆన్‌లైన్‌లో యాక్టివేట్ చేసుకోవాల్సి వచ్చింది. తర్వాత చాలా కంపెనీలు అదే దారి పట్టాయి. అలాంటి కోడ్ ఒకసారి ఒకరి అకౌంట్‌లోకి ఎక్కిందంటే ఇంకొకరికి పనికిరాదు. కోడ్ కాగితం డబ్బాలో భద్రంగా ఉన్నంత మాత్రాన నమ్మకండి, వాడేసిన కోడ్ కూడా చూడ్డానికి కొత్తదానిలాగే ఉంటుంది. "అకౌంట్, పాస్‌వర్డ్ కూడా ఇచ్చేస్తా అన్నా" అంటే ఇంకా వద్దు. అకౌంట్ అమ్మడం స్టీమ్ రూల్స్‌కు విరుద్ధం. పైగా పాత ఓనర్ రికవరీ పెట్టి దాన్ని వెనక్కి లాక్కోవచ్చు.

ప్లేస్టేషన్ 4, 5 డిస్కులతో ఈ టెన్షన్ తక్కువ. మామూలుగా కోడ్ అక్కర్లేదు, ఎన్ని చేతులు మారినా ఆడుతుంది. మెషిన్‌లో ఇన్‌స్టాల్ అయినా, ఆడేటప్పుడు డిస్క్ లోపల ఉండాల్సిందే. తన గేమ్ మెషిన్ ఎక్స్‌బాక్స్ వన్‌కు 24 గంటలకోసారి ఆన్‌లైన్ చెకింగ్ తప్పనిసరి చేస్తామని 2013లో మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. గేమర్లు గట్టిగా తిరగబడితే అదే నెలలో వెనక్కి తగ్గింది. అడిగితేనే మన హక్కు మనకు మిగులుతుందని నేను గట్టిగా నమ్మేది అందుకే.

తర్వాత డబ్బా తిప్పి, వెనకున్న చిన్న అక్షరాలను ఫోన్ కెమెరాతో జూమ్ చేసి చదవండి. ఇంటర్నెట్ తప్పనిసరి అని ఉంటే జాగ్రత్త. ది క్రూ అనే కార్ల గేమ్ సర్వర్లను యూబీసాఫ్ట్ కంపెనీ 2024 మార్చి 31న ఆపేసింది. డిస్క్ ఇంట్లోనే ఉన్నా, ఒక్కడే ఆడుకుందామన్నా ఇక అది తెరుచుకోదు. కౌలు పొలం లాంటిదే ఇది, ఎంత దున్నుకున్నా పట్టా మన పేరున ఉండదు. డౌన్‌లోడ్ కావాలి అని రాసి ఉంటే ఎన్ని జీబీలో కూడా చూడండి. ఊళ్లో రోజుకు 2 జీబీ మొబైల్ ప్యాక్ మీద నడిచే ఇంట్లో 60 జీబీ దించాలంటే నెల పడుతుంది.

నింటెండో స్విచ్ 2లో గేమ్-కీ కార్డులని వస్తున్నాయి. కార్డులో గేమ్ ఉండదు, డౌన్‌లోడ్ చేసుకోవాలి. ఆ తర్వాత కూడా ఆడాలంటే కార్డు పెట్టాలి. కాకపోతే కోడ్‌లా కాకుండా ఈ కార్డును మళ్లీ అమ్ముకోవచ్చు.

మీ మెషిన్ సంగతీ చూసుకోండి. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌కు డిస్క్ డ్రైవ్ లేదు. ప్లేస్టేషన్ 5 ప్రోకు డ్రైవ్ విడిగా కొనాలి, బిగించిన మొదటిసారి ఇంటర్నెట్ పెట్టి దాన్ని మెషిన్‌తో జత చేయాలి.

కుదిరితే షాపులోనే ఆడించి చూడండి. సెట్టింగ్స్‌లో నెట్ ఆపేయమనండి, అంతకుముందు అదే గేమ్ మెషిన్‌లో ఉంటే డిలీట్ చేయించండి. డిస్క్ పెట్టాక ఇన్‌స్టాల్ అయి, మెనూ దాటి, మొదటి లెవెల్ మొదలైతే ఆడుకునే గేమ్ డిస్క్‌లో ఉన్నట్టే. డిస్క్ అడుగు భాగాన్ని ట్యూబ్‌లైట్ కింద వంచి గీతలు కూడా చూడండి. డబ్బాలోని బోనస్ కోడ్‌లను లెక్కలోకి తీసుకోకండి, అవి చాలావరకు వాడేసినవే.

చివరగా బిల్లు అడగండి. గేమ్ పేరు, ఏ మెషిన్‌ది, పనిచేయకపోతే ఎన్ని రోజుల్లో తిరిగి తీసుకుంటారు అన్నది దాని మీద రాయించండి. మాట తప్పితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. అప్పుడు ఆ బిల్లే ఆధారం.