కొత్త కారు రంగు, చక్రాలు గీతలు పడకుండా కాపాడుకోవడం ఎలా?

కొత్త కారు మెరుపును ముందుగా పాడుచేసేది రోడ్డు కాదు, రోజూ పొద్దున్నే దాని మీద తిప్పే పొడి గుడ్డ. కారు మీద పేరుకున్న దుమ్ములో ఇసుక రేణువులుంటాయి. పొడిగా తుడిచినప్పుడు ఆ గుడ్డ గరుకు కాగితంలా పనిచేస్తుంది. అప్పటికప్పుడు ఏమీ కనిపించదు. కొన్ని నెలలు పోయాక ఎండలో బానెట్ వైపు ఓరగా చూస్తే గుండ్రంగా అల్లుకున్న సన్నటి గీతలు బయటపడతాయి. నల్ల కారైతే ఇంకా ముందే కనిపిస్తాయి.

ఆ గీతలు పడేది ఏ పొర మీదో తెలుసుకుంటే మిగతా జాగ్రత్తలన్నీ సులువుగా అర్థమవుతాయి. ఫ్యాక్టరీలో రేకు మీద వరసగా తుప్పు పట్టనివ్వని పూత, ప్రైమర్, అసలు రంగు, అన్నిటికంటే పైన రంగులేని క్లియర్ కోట్ వేస్తారు. ఇవన్నీ కలిపినా మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అందులో క్లియర్ కోట్ 35 నుంచి 50 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక కంటే పల్చన. కారుకు నిగనిగలాడే మెరుపునిచ్చేదీ, ఎండకు రంగు వెలిసిపోకుండా అడ్డుకునేదీ ఆ పొరే. గీతలు పోవాలని పాలిష్ పట్టించిన ప్రతిసారీ అది కొంత అరుగుతుంది, మళ్లీ పెరగదు. అందుకే గీతలు పడ్డాక పాలిష్ చేయించుకోవచ్చులే అనే ధీమా కంటే అసలు పడకుండా చూసుకోవడమే మేలని నేను గట్టిగా చెబుతాను.

డెలివరీ రోజే మొదలుపెట్టండి

డెలివరీకి ముందు షోరూమ్‌లో కారును హడావుడిగా కడిగి, మెషీన్‌తో పాలిష్ పట్టి ఇవ్వడం మామూలే. మొదటి గీతలు అక్కడే పడే అవకాశం ఉంది. పాలిష్ వద్దనీ, దుమ్మున్నా ఫర్వాలేదనీ ముందే చెప్పండి. కారును లైట్ల కింద కాకుండా పగటి వెలుతురులో చూడండి. తలుపుల అంచులు, కారు పైకప్పు, బంపర్ మూలలు, నాలుగు చక్రాల రిమ్ములు ఒక్కొక్కటిగా చూసి ఫొటోలు తీసుకోండి. ఒక తలుపు రంగు పక్కదానితో కలవకపోయినా, రబ్బరు బీడింగ్ మీద రంగు తుంపరలు కనిపించినా, ఆ భాగానికి మళ్లీ రంగు వేశారేమోనని అడగాల్సిందే. ఏ లోపం కనిపించినా సంతకం పెట్టకముందే కాగితం మీద రాయించండి.

రవాణా కోసం అతికించిన ప్లాస్టిక్ పొరలు ఉంటే వెంటనే తీసేయండి. ఎండకు వాటి జిగురు గట్టిపడి తర్వాత ఒక పట్టాన ఊడిరాదు.

కడగడం: అన్నిటికంటే ముఖ్యమైన పని

కారును నీడలో, బానెట్ చేతికి చల్లగా తగులుతున్నప్పుడే కడగాలి. ఎండలో కడిగితే నీళ్లు ఇట్టే ఆరిపోయి, వాటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు తెల్లని చుక్కలుగా మిగులుతాయి. అలాంటి చుక్కలు పడితే వెంటనే వినిగర్‌లో అంతే నీళ్లు కలిపి మెత్తని గుడ్డతో అద్ది, ఒక నిమిషం తర్వాత శుభ్రంగా కడిగేయండి. వారాల తరబడి వదిలేస్తే ఆ మరకలు క్లియర్ కోట్‌లోకి దిగిపోతాయి.

ముందుగా చక్రాలు కడగండి. అన్నిటికంటే ఎక్కువ మురికి ఉండేది వాటి మీదే. వాటికి బకెట్టు, గుడ్డ, బ్రష్ విడిగా పెట్టుకోండి. చక్రాలకు వాడిన గుడ్డ ఎంత ఉతికినా తలుపు మీదికి రాకూడదు.

చక్రాలయ్యాక కారు మొత్తాన్ని ముట్టుకోకుండా నీళ్లతో తడపండి. పైనుంచి కిందికి ధార పోస్తూ వదులుగా ఉన్న దుమ్మంతా కొట్టుకుపోనివ్వండి. ఈ దశలో తొందర పడొద్దు. చెయ్యి తగలకుండా ఎంత మట్టి పోతే అన్ని గీతలు తగ్గుతాయి. ప్రెషర్ వాషర్ ఉంటే నాజిల్‌ను కనీసం ఒక అడుగు దూరంలో పట్టుకోండి. రాయి తగిలి రంగు లేచిన చోట, స్టిక్కర్ల అంచుల దగ్గర ధార నేరుగా కొడితే పెచ్చు లేస్తుంది.

ఇప్పుడు రెండు బకెట్లు తీసుకోండి. ఒకదాంట్లో కారు షాంపూ కలిపిన నీళ్లు, రెండోదాంట్లో ఉత్త నీళ్లు. మైక్రోఫైబర్ గ్లవ్‌ను షాంపూలో ముంచి ఒక భాగం తుడవగానే ఉత్త నీళ్లలో బాగా జాడించి, ఆ తర్వాతే మళ్లీ షాంపూలో ముంచాలి. ఒకటే బకెట్టు వాడితే తీసిన ఇసుకనే మళ్లీ కారుకు రుద్దుతాం. గ్లవ్ కింద పడితే పక్కన పడేసి ఇంకోటి తీసుకోండి, దులిపి వాడొద్దు. పైకప్పు, అద్దాలు, బానెట్, తలుపుల పైభాగం, చివరగా తలుపుల కిందిభాగం, బంపర్లు. ఈ వరస తప్పకూడదు, ఎందుకంటే చక్రాలు చిమ్మిన మట్టి కిందనే ఉంటుంది. చెయ్యి గుండ్రంగా కాక తిన్నగా పోనివ్వండి.

గిన్నెలు తోమే సబ్బు, బట్టల పౌడర్ వద్దు. అవి జిడ్డుతోపాటు రంగుకు రక్షణగా మీరు పూసిన వ్యాక్స్‌ను కూడా తీసేస్తాయి.

ఆరబెట్టడానికి పెద్ద మైక్రోఫైబర్ టవల్ ఉంటే చాలు. దాన్ని పరిచి నీళ్లు పీల్చుకోనిచ్చి మెల్లగా లాగండి, రుద్దే పని లేదు. టవల్‌కు కుట్టిన లేబుల్ కత్తిరించేయండి, దాని అంచు కూడా గీయగలదు. ఈ గుడ్డలను మిగతా బట్టలతో కలపకుండా, సాఫ్ట్‌నర్ వేయకుండా ఉతకాలి. సాఫ్ట్‌నర్ పడితే నీళ్లు పీల్చే గుణం తగ్గిపోతుంది.

కడిగే తీరికలేని రోజు దుమ్మును అలాగే వదిలేయండి. కారు కొన్నవాళ్లకు ఇది మింగుడుపడదు గానీ, కారు మీద కదలకుండా ఉన్న దుమ్ము గీతలు పెట్టదు, రుద్దితేనే పెడుతుంది. తిరిగే బ్రష్‌లున్న ఆటోమేటిక్ వాష్ కూడా ఇందుకే వద్దు. మన ముందు వెళ్లిన బండి బురద ఆ బ్రష్‌లోనే ఉంటుంది. నీటి ధారతో మాత్రమే కడిగే రకమైతే ఫర్వాలేదు.

రేపటికి వాయిదా వేయకూడని మరకలు

పక్షి రెట్టలో యూరిక్ ఆమ్లం ఉంటుంది. ఎండకు క్లియర్ కోట్ వేడెక్కి కొద్దిగా వ్యాకోచిస్తుంది. సాయంత్రం చల్లబడి, ఎండిన రెట్ట చుట్టూ బిగుసుకున్నప్పుడు ఆ ఆకారంలోనే మచ్చ దిగుతుంది. కొన్ని గంటల ఎండ చాలు. గోటితో గీకొద్దు. తడిపిన గుడ్డను దాని మీద రెండు మూడు నిమిషాలు ఉంచి, మెత్తబడ్డాక ఎత్తేయండి. ఇందుకోసం కారులో ఎప్పుడూ ఒక నీళ్ల సీసా, రెండు మైక్రోఫైబర్ గుడ్డలు పెట్టుకోండి.

ముందు బంపర్‌కు అంటుకున్న పురుగులకూ ఇదే పద్ధతి. చెట్టు జిగురు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో వదులుతుంది. తర్వాత ఆ చోట కడిగి మళ్లీ వ్యాక్స్ వేయాలి. పెట్రోల్ ఒలికితే అక్కడికక్కడే నీళ్లతో కడగండి. బ్రేక్ ఆయిల్ పడితే మాత్రం ఒక్క నిమిషం కూడా ఆగొద్దు, అది రంగును తినేస్తుంది.

పైన ఏ పొర వేయించాలి?

వ్యాక్స్ వేస్తే ఒకటి నుంచి మూడు నెలలు నిలుస్తుంది. సింథటిక్ సీలెంట్ నాలుగైదు నెలలు ఉంటుంది. సిరామిక్ కోటింగ్ సరిగ్గా వేస్తే రెండేళ్లు, అంతకంటే ఎక్కువ కూడా వస్తుంది. ఈ మూడూ చేసేది ఒకటే: నీళ్లు, మురికి అంటుకోకుండా జారిపోయేలా చేయడం. దాంతో కడగడం తేలికవుతుంది, రుద్దడం తగ్గుతుంది. సిరామిక్ వేయిస్తే గీతలే పడవని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆ పొర ఒకటి రెండు మైక్రాన్లుంటే గొప్ప. రాయి తగిలినా, తాళంచెవి గీసినా ఆపలేదు.

రాళ్లను ఆపేది పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్, అందరూ పీపీఎఫ్ అనేది. ఇది పాలీయూరిథేన్ పొర. మందం దాదాపు 150 నుంచి 200 మైక్రాన్లు, అంటే కారు రంగు పొరలన్నీ కలిపినంత లేదా అంతకంటే ఎక్కువ. మంచి రకాల్లో చిన్న గీతలు ఎండ వేడికో, వేడినీళ్లకో వాటంతటవే పూడుకుంటాయి. కారంతా వేయించడం ఖరీదైన పని, చాలామందికి అవసరం కూడా లేదు. ముందు బంపర్, బానెట్, సైడ్ మిర్రర్ల వెనకభాగం, తలుపు పిడి కింద గోళ్లు గీసుకునే గుంట, డిక్కీలోకి సామాను ఎత్తేటప్పుడు రాపిడి తగిలే వెనక బంపర్ పైఅంచు, ముందు చక్రాల వెనక ఉండే తలుపుల కిందిభాగం, ఇవి చాలు. హైవే మీద ఎక్కువగా తిరిగేవాళ్లకు ఇది నిజంగా పనికొస్తుంది. ఊళ్లోనే తిరిగే కారుకు మడ్ ఫ్లాపులు, మంచి వ్యాక్స్ సరిపోతాయి.

ఏది వేసినా ముందు ఉపరితలం నున్నగా ఉండాలి. కడిగి ఆరబెట్టాక చేతికి పల్చని ప్లాస్టిక్ కవరు తొడుక్కుని బానెట్ మీద మెల్లగా నిమరండి. గరుకుగా తగిలితేనే క్లే బార్ (రంగుకు అతుక్కున్న మురికిని లాగేసే మెత్తని ముద్ద) వాడాలి, లేకపోతే దాని జోలికి పోనక్కర్లేదు. మెరుపులేని మ్యాట్ రంగు కారైతే మామూలు వ్యాక్స్, పాలిష్ రెండూ నిషిద్ధం. అక్కడక్కడా మెరుపు తేలి, మళ్లీ సరిచేయడం కుదరదు.

చక్రాలు: అంచు దెబ్బ, గుంత దెబ్బ, బ్రేక్ పొడి

అల్లాయ్ వీల్‌కు మొదటి గీత సాధారణంగా ఫుట్‌పాత్ అంచు వల్లే పడుతుంది. పార్క్ చేసేటప్పుడు ఆ వైపు సైడ్ మిర్రర్‌ను కిందికి వంచి చక్రమూ, అంచూ రెండూ కనిపించేలా పెట్టుకోండి. అంచుకు ఒక అడుగు ఎడం వదలండి. మలుపుల్లో ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి: వెనక చక్రం ముందు చక్రం దారిలో రాదు, మలుపు లోపలివైపుకు జరిగి వస్తుంది. ముందు చక్రం తప్పించుకున్న అంచుకు వెనకది వెళ్లి తగిలేది అందుకే. ఇరుకు మలుపుల్లో కాస్త ముందుకు పోయి తిప్పండి.

పెద్ద రిమ్ముల మోజు ఉన్నవాళ్లు టైరు మీది అంకెలు ఒకసారి చూడాలి. 205/55 ఆర్16 అంటే రిమ్ము 16 అంగుళాలు, టైరు పక్కగోడ ఎత్తు 205 మిల్లీమీటర్లలో 55 శాతం, సుమారు 113 మిల్లీమీటర్లు. అదే 215/45 ఆర్17 అయితే 97 మిల్లీమీటర్లే. రిమ్ముకూ గుంతకూ మధ్య ఉండే రబ్బరు అంత తగ్గిందన్నమాట. రోడ్లు బాగాలేని చోట కంపెనీ ఇచ్చిన సైజు దాటకపోవడమే మంచిది.

గాలి తక్కువైతే ఏ సైజైనా రిమ్ముకు దెబ్బే. ఎంత గాలి ఉండాలో డ్రైవర్ తలుపు ఫ్రేమ్ మీదో, పెట్రోల్ మూత లోపలో స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. నెలకోసారైనా, టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూడండి. గుంత తప్పదనుకుంటే దాని ముందే వేగం తగ్గించి, చక్రం దిగే క్షణానికి బ్రేక్ వదిలేయండి. బ్రేక్ మీద ఉన్న కారు ముందుకు వంగి సస్పెన్షన్ అప్పటికే నొక్కుకుని ఉంటుంది, దెబ్బ తట్టుకునే జాగా మిగలదు.

చక్రాల మీద నల్లగా పేరుకునేది బ్రేక్ పొడి. ప్యాడ్లు, డిస్కులు అరిగి రాలిన ఇనుప రేణువులు వేడిగా ఎగిరి రిమ్ము పూతలో దిగబడతాయి, తడి తగిలితే తుప్పు చుక్కలవుతాయి. వారానికో, రెండు వారాలకో ఒకసారి షాంపూతో కడిగితే ముదరదు. ముదిరితే ఐరన్ రిమూవర్ వాడండి. ఇనుము తగిలిన చోట అది ఊదారంగుకు తిరుగుతుంది, ఆరిపోకముందే కడిగేయాలి. ఆమ్లం ఉన్న క్లీనర్లు అల్లాయ్ మీద వాడొద్దు. ప్రయాణం నుంచి రాగానే వేడి చక్రాల మీద చన్నీళ్లు పోయొద్దు, బ్రేక్ డిస్కులు వంకరపోయే ప్రమాదం ఉంది. కడిగాక పార్క్ చేసే ముందు కాస్త దూరం నడిపి మెల్లగా బ్రేకులు వేస్తే డిస్కులు ఆరతాయి.

టైర్ల షాపులో పక్కనే నిలబడండి. బ్యాలెన్సింగ్‌కు రిమ్ము అంచుకు కొట్టే క్లిప్ బరువులు కాకుండా లోపల అతికించేవి అడగండి. నట్లు ఒకదానికొకటి ఎదురుగా ఉన్న వరసలో, చివరికి టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా) మాన్యువల్‌లో ఉన్న అంకెకు బిగించమనండి. గన్‌తో ఇష్టం వచ్చినట్టు బిగిస్తే నట్టు కూర్చునే చోట పూత లేచిపోతుంది. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి బిగింపు చూపించుకోండి.

పార్కింగ్, కవర్

వరస చివరన, స్తంభం పక్కన చోటు దొరికితే తలుపు దెబ్బలు సగం తగ్గుతాయి. కారు మీద సంచులు పెట్టనివ్వొద్దు, బెల్టు బకిల్‌తో ఆనుకోనివ్వొద్దు. కవర్ కప్పేది శుభ్రమైన, తడిలేని కారుకే. దుమ్ము మీద కప్పిన కవర్ గాలికి కదులుతూ రాత్రంతా రుద్దుతూనే ఉంటుంది. గాలి ఆడే గుడ్డతో చేసిన కవర్ తీసుకోండి.

అయినా గీత పడితే

గోరు దాని మీద అడ్డంగా మెల్లగా లాగండి. తట్టుకోకపోతే గీత క్లియర్ కోట్ వరకే ఉన్నట్టు, చేత్తో కొద్దిగా పాలిష్ పెడితే తగ్గుతుంది. గోరు తట్టుకుంటే లోతుగా దిగినట్టు. ఇనుప రేకు బయటపడితే ఆలస్యం చేయొద్దు, తుప్పు రంగు కిందకు పాకుతుంది. ప్లాస్టిక్ బంపర్‌కు ఆ భయం లేదు.

రాయి తగిలి పెచ్చు లేచిన చోటుకు టచప్ పెయింట్ చాలు. రంగు కోడ్ తలుపు ఫ్రేమ్ మీదో, బానెట్ కిందో ఉంటుంది. అది చూసి తెప్పించండి. ఆ చోటు కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, సన్న కుంచెతో పల్చగా ఒక పొర అద్ది ఆరనివ్వండి. గుంట నిండేదాకా పొర మీద పొర వేస్తూ, చివర క్లియర్ కోట్ అద్దాలి. ఒకేసారి చిక్కగా వేస్తే బొడిపెలా నిలుస్తుంది.

పెద్ద దెబ్బకు వర్క్‌షాపులో ఒక భాగానికి కొత్తగా రంగు వేయిస్తే, ఆ భాగానికి మాత్రం వ్యాక్స్, కోటింగ్, ఫిల్మ్ వెంటనే వద్దు. ఫ్యాక్టరీ రంగు ఎక్కువ వేడిలో కాలి పూర్తిగా గట్టిపడి వస్తుంది. వర్క్‌షాపు రంగులోని ద్రావకాలు పూర్తిగా ఆవిరి కావడానికి ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది. ఎంతకాలం ఆగాలో రంగు వేసినవారినే అడిగి, అప్పటిదాకా ఉత్త నీళ్లు, షాంపూతోనే కడగండి.